చెల్లికి కొన్న ఫిల్టరు

కిందటి నెల మా అమ్మాయి ఇంటికి నీళ్ళ మిషను బాగుచేసే అతను వచ్చాడు. ఢిల్లీ పక్కన వైశాలిలో ఏడో అంతస్తు మాది. గోడకు తగిలించిన తెల్ల పెట్టె విప్పి, లోపల్నుంచి మూడు గొట్టాలు తీసి, వంటగట్టు మీద పాత పేపరు పరిచి వాటిని వరసగా పెట్టాడు. ఆరు నెలల కింద తెల్లగా లోపలికి వెళ్ళినవి ఇటుక రంగులో బయటికి వచ్చాయి.

"దేఖియే మాతాజీ, నహీ తో యే సబ్ ఆప్‌కే పేట్ మే జాతా" అన్నాడు, లేకపోతే ఇదంతా మీ కడుపులోకే పోయేదని.

నేను వాటి రంగు చూడలేదు. ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూశాను. ఎండిన నేల మీద మొదటి చినుకులు పడ్డప్పుడు వచ్చే వాసన. మనవరాలు ముక్కు మూసుకుని "ఛీ నానీ! రఖ్ దో ఉస్‌కో" అంది. దానికి తెలుగు అర్థమవుతుంది కానీ నోట్లోంచి హిందీయే వస్తుంది. నేను కింద పెట్టలేదు. ఆ వాసన నాకు బాగా తెలుసు. దాన్ని నేను చిన్నప్పుడు ప్రతి ఆదివారం నా చేతులతో రుద్దాను. ఆ నీళ్ళు మాత్రం నా కోసం కాదు.

అప్పుడు మేం ఢిల్లీలో ప్రభుత్వ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. పసుపు సున్నం వేసిన గోడలు, ముందు చిన్న వరండా, ఒకటిన్నర గది. నాన్న కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్ళు కుట్టే దఫ్తరీ. ఊరి నుంచి వచ్చేటప్పటికి నాకు తొమ్మిదేళ్ళు, చెల్లికి ఏడు. ఊళ్ళో బడి పక్క ఊరి పొలిమేరలో ఉండేది, అంత దూరం ఆడపిల్ల ఎందుకని నన్ను వేయలేదు. ఢిల్లీ వచ్చాక వేస్తామన్నారు. కానీ అప్పుడు అమ్మకు నెలలు నిండాయి. ఇంట్లో ఒక మనిషి సాయం కావాలి కదా, పెద్దదాన్ని నేను ఉండిపోయాను. ఆ బిడ్డ దక్కలేదు. నన్ను బడిలో వేసే మాట మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

చెల్లి తెలుగు బడికి వెళ్ళేది. బడి బస్సు మా క్వార్టర్ల మలుపులో ఆగేది. అక్కడిదాకా దాని సంచి నేను మోసేదాన్ని. బస్సెక్కాక కిటికీలోంచి చెయ్యి ఊపేది. నేనూ ఊపేదాన్ని. ఊపుతూనే, దారిలో ఈ బస్సు చెడిపోతే బాగుణ్ణని అనుకునేదాన్ని.

ఒక ఏడు వానల్లో కుళాయి నీళ్ళు టీ రంగులో వచ్చాయి. అమ్మ పాత చీర ముక్కను నాలుగు మడతలు వేసి కుళాయికి కట్టింది. ఆ వారంలోనే చెల్లికి అన్నం సహించలేదు. పప్పు పోపు వాసనకే వాంతి చేసుకుంది. కళ్ళు పచ్చబడ్డాయి. డిస్పెన్సరీలో డాక్టరు దాని కింది రెప్ప లాగి చూసి, పొట్ట కుడిపక్క నొక్కి, పచ్చకామెర్లు అన్నాడు. నాన్నతో గట్టిగానే చెప్పాడు. "ఇస్ బార్ తో ఠీక్ హో జాయేగీ. దోబారా నహీ హోనా చాహియే. లివర్ కమ్‌జోర్ హై, సమ్‌ఝే?" మళ్ళీ రాకూడదన్న ఆ మాటను ఇంటికి వచ్చేదాకా దారి పొడుగునా నాన్న తనలో తను అనుకుంటూనే ఉన్నాడు.

చీటీ వెనక డాక్టరు ఏమేమి కొనాలో రాసిచ్చాడు. నాన్న దాన్ని తెలుగులో రాసుకుని, మంచం పక్కన కూర్చుని చదివి వినిపించాడు. పడుకున్న చెల్లి మెడ ఎత్తి తనూ కలిసి చదివింది. "గ్లూకోజు. తేనె. బార్లీ." ఆ నీరసంలో కూడా అది అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంటే నాన్న ముఖం వెలిగిపోయింది. నేను బియ్యం ఏరుతున్నాను.

ఆ తర్వాత మా ఇంట్లోకి ఇంతకుముందెన్నడూ రాని వస్తువులు ఒక్కొక్కటే రావడం మొదలైంది. చేతులు కడుక్కోవడానికి ఎర్ర సబ్బు. అప్పటిదాకా మేం బూడిదతో కడిగేవాళ్ళం. గోళ్ళు తీసుకునే కట్టరు వచ్చింది, నాన్న బ్లేడుతో మా గోళ్ళు తీయడం ఆగిపోయింది. ఈగలు వాలకుండా తలుపులకు జాలీ బిగించిన చెక్క అలమర. డాల్డా డబ్బా వెళ్ళిపోయి దాని చోట వాసనే లేని నూనె డబ్బా వచ్చింది. ఒక తేనె సీసా, ఒక మాల్టు పొడి డబ్బా. ఆ డబ్బా మూత చెంచాతో ఎత్తితే కాల్చిన గోధుమల వాసన గది అంతా పరుచుకునేది. అన్నిటికన్నా ఆఖరున, నాన్న సైకిలు క్యారియర్ మీద తాళ్ళతో కట్టుకుని ఫిల్టరు తెచ్చాడు.

స్టీలు ఫిల్టరు. ఒకదాని మీద ఒకటి రెండు డబ్బాలు. పై డబ్బాలో కుళాయి నీళ్ళు పోస్తే అడుగున నిలబెట్టిన రెండు తెల్ల పింగాణీ క్యాండిల్స్ లోంచి చుక్క చుక్కగా కింది డబ్బాలోకి దిగుతాయి. కింది డబ్బాకు చిన్న కొళాయి. క్వార్టర్ల వాళ్ళందరూ చూడటానికి వచ్చారు. పక్క క్వార్టర్ పంజాబీ ఆంటీ నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బహన్‌జీ, మేరే బచ్చే తో నల్ కా పానీ పీకే పహిల్వాన్ బన్ గయే." తన పిల్లలు కుళాయి నీళ్ళు తాగే వస్తాదులయ్యారట.

"డాక్టర్ బోలా. హమ్ క్యా కరేగా" అంది అమ్మ తన హిందీలో. ఆవిడ వెళ్ళాక నాతో అంది. "చూశావా, కళ్ళల్లో నిప్పులు పోసుకుంటోంది. ఉప్పు తీసి దిష్టి తియ్యవే."

నేను ఉప్పు తెచ్చాను. చెల్లికీ ఫిల్టరుకీ కలిపి దిష్టి తీశాను. ఆ ఇంట్లో అసలు కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నది నేనని అమ్మకు తెలియదు.

ఆ ఫిల్టరు చాలా నెమ్మది. రోజంతా కారినా ఒక మనిషికి సరిపోయేటన్ని నీళ్ళే దిగేవి. అందుకని నాన్న ఒక ఏర్పాటు చేశాడు. ఫిల్టరు నీళ్ళు చిన్నదానికి. మిగతా ముగ్గురికీ వరండాలో మట్టి కూజా. చెల్లికి గ్లాసు కూడా వేరు. అంచుకు ఎర్ర దారం కట్టారు. "ఎంగిలి కలవకూడదు. దాని గ్లాసు మీరు ముట్టుకోవద్దు, మీ గ్లాసు దానికి ఇవ్వొద్దు" అని అమ్మ గట్టిగా చెప్పింది. ఫిల్టరు కడిగే పని నాది. ఆదివారం పొద్దున్న క్యాండిల్స్ విప్పి, మెత్తటి బ్రష్షుతో సబ్బు తగలకుండా రుద్ది, మరిగే నీళ్ళలో వేసి తీయాలి. రుద్దుతుంటే పైనున్న జిడ్డు మట్టి కారిపోయి లోపలి తెలుపు బయటపడేది. అప్పుడు వచ్చేది ఆ వాసన. నేను కళ్ళు మూసుకుని పీల్చేదాన్ని. నాలుక ఆనించి కూడా చూశాను ఒకసారి.

నాకు రాని కామెర్ల మీద నాకెంత కోపమో చెప్పలేను. నాన్న గడ్డం గీసుకునే అద్దం తీసుకుని, కింది రెప్ప లాగి నా కళ్ళు చూసుకునేదాన్ని. పాలలా తెల్లగా ఉండేవి. ఒకరోజు గోళ్ళకూ అరచేతులకూ పసుపు రుద్దుకుని, అమ్మ ముందుకు వెళ్ళి నీరసంగా గోడకు చేరగిలబడ్డాను.

"అమ్మా, నాకూ కామెర్లే."

అమ్మ నా చెయ్యి పట్టుకుని చూసింది. బొటనవేలితో రుద్దింది. పసుపు అమ్మ వేలికంటింది. "అవునే పెద్దదానా, పాపం. మందు కూడా ఉంది. ఆ అంట్లన్నీ తోమెయ్, సాయంత్రానికి దిగిపోతుంది" అంది నవ్వాపుకుంటూ. మంచం మీంచి చెల్లి కూడా నవ్వింది. దాని నవ్వుకే నాకు ఎక్కువ మండింది.

నెల తిరిగేసరికి చెల్లి లేచి తిరిగింది. మళ్ళీ బడికి వెళ్ళింది. అయినా ఫిల్టరు నీళ్ళు దానికే. మాల్టు పాలు దానికే. అమ్మ గ్లాసు కడిగేముందు అడుగున మిగిలిన గోధుమరంగు నురగ నేను వేలితో తీసి నాకేదాన్ని. ఎంగిలి కూడదని తెలుసు. తెలిసే నాకాను.

ఆ ఏడాది వరండాలోని మల్లె కుండీ విరగబూసింది. అమ్మకు ఊరి నుంచి తెచ్చుకున్న ఆ ఒక్క మొక్కంటే ప్రాణం. పొద్దున్నే మొగ్గలు కోసి దండ కట్టి నన్ను పిలిచేది. "ఇలా రాయే. చిన్నదానికి పూల వాసన పడట్లేదు, వాంతి వస్తోందిట. నీ జడకే." నేను వెళ్ళి వెనక్కి తిరిగి నిలబడేదాన్ని. దానికి పడనివి నాకన్న మాట, అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం అమ్మ ఆంటీ వాళ్ళింటికి బఠాణీలు ఒలవడానికి వెళ్ళింది. ఇంట్లో నేనొక్కదాన్నే. చెంబు తీసుకుని ఫిల్టరు కొళాయి తిప్పాను. చెంబు నిండా పట్టుకుని, గటగటా తాగాను. పెద్ద రుచేమీ లేదు. చల్లగా, కొంచెం మట్టిగా. కానీ కడుపులో ఎంత తృప్తి!

తాగాక భయం వేసింది. నాన్న ఆఫీసు నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా కింది డబ్బాను వేలి కణుపుతో కొట్టి చూసేవాడు. నీళ్ళున్నంత మేరా దబ్ మంటుంది, ఖాళీ ఉన్నచోట టంగ్ మంటుంది. ఎంతవరకు ఉన్నాయో ఆ చప్పుడుతో చెప్పేసేవాడు. నేను తాగిన చెంబెడూ పై డబ్బాలో పోస్తే సాయంత్రానికి దిగవు. అందుకని పై డబ్బా పక్కకు ఎత్తి, కుళాయి కింద చెంబు పట్టి, ఆ నీళ్ళను నేరుగా కింది డబ్బాలో పోసేశాను. మళ్ళీ పైది యథాప్రకారం పెట్టాను. సాయంత్రం నాన్న కొట్టి చూసి "భేష్" అన్నాడు.

మర్నాడు మళ్ళీ తాగాను. ఆ మర్నాడూ. అలా వానలు వెనకబట్టి చలిగాలి మొదలయ్యేదాకా తాగాను. తెలియక చేశానని రాస్తే అబద్ధం అవుతుంది. ఆ క్యాండిల్స్ మీది మట్టి ఆదివారం ఆదివారం నా చేతులకే అంటేది. కుళాయిలో ఏం వస్తుందో ఆ ఇంట్లో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

చలి ముదరకముందే చెల్లి మళ్ళీ పడిపోయింది. బడి నుంచి బస్సు ఆయా ఎత్తుకుని దింపింది. ఈసారి కళ్ళే కాదు, ఒళ్ళంతా పచ్చన. ఏ నీళ్ళు తాగిస్తున్నారని డాక్టరు నాన్న మీద అరిచాడు. "మైనే క్యా బోలా థా? పానీ కౌన్ సా పిలాతే హో?" ఆసుపత్రిలో చేర్చమన్నాడు.

దాన్ని చేర్చి వచ్చిన రోజు నాన్న ఫిల్టరు ముందు కూర్చుని క్యాండిల్స్ విప్పాడు. వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూశాడు, ఎక్కడైనా బీట ఉందేమోనని. సంచిలో వేసుకుని బజారుకు వెళ్ళి కొన్న కొట్టువాణ్ణి నిలదీశాడట. అతను వాటిని నీళ్ళ బకెట్లో ముంచి, గొట్టంలోంచి ఊది చూపించాడట. ఎక్కడా ఒక్క బుడగ కూడా రాలేదట. "క్యాండిల్ తో ఠీక్ హై బాబూజీ. అప్‌నే ఘర్ మే దేఖో" అన్నాడట.

నాన్న ఇంటికి వచ్చి సంచి కింద పెట్టాడు. అమ్మ వంటగది గడప మీద ఉంది, నేను అమ్మ వెనక.

"ఫిల్టరులో దోషం లేదు. ఇంట్లో చూసుకోమన్నాడు" అని, నా వైపు తిరిగాడు. "పెద్దమ్మాయ్, ఆదివారాలు సరిగ్గా కడుగుతున్నావా?"

నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. అప్పుడు అమ్మ గొంతు వినిపించింది.

"దాన్నేమీ అనకండి. నాదే తప్పు. బస్సు దిగి ఏడుస్తోందని పోయిన వారం ఐసు గోలా కొనిపెట్టాను. ఎర్రరంగుది. వద్దన్నా వినలేదు, పసిది కదా అని..." అంటూ అక్కడే గడప మీద కూలబడి ఏడ్చింది.

నాన్న ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. మాట్లాడటం మానేశాడు. ఆ చలికాలమంతా అమ్మ కంచంలో వడ్డించి పెట్టేది, ఆయన తలెత్తకుండా తినేవాడు. అమ్మ శనివారాలు ఒంటిపూట తింటానని మొక్కుకుంది. పోయేదాకా ఆ మొక్కు తప్పలేదు. ఐసు గోలా బండి గంట వినిపిస్తే చాలు, లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేది. ఒక్క మాట నేను చెబితే సరిపోయేది. నేను చెప్పలేదు.

చెల్లి బతికింది. కానీ బడిలో ఏడాది పోయింది. తనతో చదివిన పిల్లలు పై తరగతికి వెళ్ళారు, అది మళ్ళీ అదే తరగతి పుస్తకాలు పట్టుకుంది. ఆ సంగతి తెలిసిన రోజు అది దుప్పటి ముసుగేసుకుని ఏడ్చింది. నేను దాని పక్కన కూర్చుని వీపు రాశాను. రాస్తూ ఉంటే లోపల ఎక్కడో చిన్న సంతోషం కదిలింది. ఆ సంతోషాన్ని నేను ఈ రోజుకీ మర్చిపోలేదు. నీళ్ళు తాగినందుకు కాదు, దాని గురించే నాకు ఎక్కువ సిగ్గు.

నాకు ఘాజియాబాద్ ఫ్యాక్టరీలో పనిచేసే ఆయనతో పెళ్ళయింది. చెల్లి చదువుకుని టీచరై అటు మన వైపే స్థిరపడింది. నాకు అక్షరాలు వచ్చింది ఈ మధ్యే, అరవై దగ్గర పడుతుండగా. మనవరాలు తెలుగు నేర్చుకోవాలని చెల్లి ఒక పెద్దబాలశిక్ష పంపింది. మనవరాలు దాన్ని తెరవలేదు. లక్ష్మీ నగర్‌లో గది తీసుకుని పెద్ద పరీక్షలకు చదువుకునే మన తెలుగు పిల్ల ఒకామె ఆదివారాలు నా చేతి పచ్చడి కోసం వచ్చేది. "ఆంటీ, పుస్తకం ఊరికే పడి ఉంది, మీరు నేర్చుకోండి" అని ఆమే నా చేత దిద్దించింది. ఇదీ మనవరాలికి పంపిందే కానీ నాకు కాదని మొదట ఒకరోజు ముట్టుకోలేదు. నా బుద్ధి అంతే.

కిందటి నెల మిషను అతను వెళ్ళిపోయాక, ఆ మధ్యాహ్నమే కాగితం తీసుకుని కూర్చున్నాను. నా జీవితంలో మొదటి ఉత్తరం. నాలుగు రోజులు పట్టింది. చెంబు సంగతి, కుళాయి సంగతి, అమ్మ మీదికి పోనిచ్చిన సంగతి, అన్నీ రాశాను. ఏడాది పోయినప్పటి సంతోషం గురించి కూడా రాశాను.

మొన్న జవాబు వచ్చింది. చెల్లి పెద్ద పెద్ద అక్షరాలతో, మధ్యలో చోటు వదులుతూ రాసింది, నాకు సులువుగా ఉండాలని. అయినా ఒక పూట పట్టింది చదవడానికి.

"అక్కా, నీ చేతి రాత చూసి ముందు ఏడ్చాను. తర్వాత నవ్వాను. ఆ నీళ్ళు నేను తాగితే కదా? ఆ మట్టి వాసనకు నాకు కడుపులో తిప్పేది. గ్లాసు పట్టుకుని వరండాలోకి వెళ్ళి మల్లె కుండీలో పోసేసేదాన్ని. రోజూ, ప్రతి గ్లాసూ. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు కూజాలో నీళ్ళు నీ గ్లాసులో పోసుకుని తాగేదాన్ని. మీ ముగ్గురికీ ఒక కూజా. నాకొక్కదానికే దారం కట్టిన గ్లాసు, అంటరానిదానికి పెట్టినట్టు. రెండోసారి వచ్చింది నా వల్లే. అమ్మ నా మంచం పక్కన కూర్చుని గోలా వల్లే అని ఏడ్చినప్పుడు చెబుదామనుకున్నాను. ఆసుపత్రిలో నోరు రాలేదు. తర్వాత ధైర్యం రాలేదు. ఇంతకాలం నువ్వు మోసింది నా బరువే అక్కా."

ఇది చదివాక నాకు తేలికగా అనిపించాలి. అనిపించలేదు. ఒళ్ళు మండింది. బడి దానిదే, మాల్టు పాలు దానివే, ఎర్రదారం గ్లాసు దానిదే. ఆ ఇంట్లో నాకంటూ ఉన్నది ఆ ఒక్క తప్పు. ఇన్నేళ్ళు ఎవరికీ కనబడకుండా కొంగున ముడేసుకుని దాచుకున్నాను. ఒక్క ఉత్తరంతో అదీ దానిదైపోయింది. మా ఇద్దరి మధ్యా అమ్మ మాత్రం, ఏ పాపమూ తెలియకుండా, శనివారాలు ఒంటిపూట తింటూ వెళ్ళిపోయింది.

ఉత్తరం మడిచి బాలశిక్షలో పెట్టాను. వంటగదిలోకి వెళ్ళి మిషను కొళాయి తిప్పి గ్లాసు నింపుకున్నాను. ఇప్పటి నీళ్ళకు ఏ వాసనా లేదు. సగం తాగాక ఆగిపోయాను.

మల్లె కుండీలో పోసేదాన్ని అని రాసింది.

ఆ ఏడాది ఆ కుండీ అలా ఎందుకు పూసిందో అమ్మ ఆశ్చర్యపోతూ అందరికీ చూపించేది. చెల్లి కోసమని నాన్న సైకిలు మీద కట్టుకుని తెచ్చిన ఫిల్టరు నీళ్ళు, నేను రుద్దిన క్యాండిల్స్ లోంచి చుక్క చుక్కగా దిగిన నీళ్ళు, పొద్దున్నే దండై నా జడలోకే వచ్చేవన్న మాట. దానికి పడక నాకు ఇచ్చారనుకుని, చెల్లి సంచి మోసుకుంటూ వెళ్ళి దాన్ని బస్సెక్కించి, బస్సు మలుపు తిరగగానే ఆ పూలు తెంపి అక్కడే పారేసేదాన్ని.